ఏ మాచిపత్రో చెప్పకుండా ‘మాచిపత్రి పెంచండి’ అంటే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నేను మొదట తిప్పేది ఇంటిపంట పేజీ. రాజకీయాలు ఆ తర్వాతే. పోయిన వారం ఆ పేజీలో మాచిపత్రి మీద అరపేజీ వ్యాసం వేశారు. విత్తనాలు చల్లి పైన అరంగుళం మట్టి కప్పాలట. ఏ కాలమైనా ఫర్వాలేదట. రోజూ నీళ్లు పోస్తే నెల తిరిగేసరికి ఆకు కోసుకోవచ్చట. ఆ ఆకు కషాయం రోజూ పొద్దున్నే తాగితే మలేరియా దగ్గరికి రాదట. పక్కనే ఒక ఫొటో, వెండిరంగు ఆకులతో. ఆ ఫొటోలోని మొక్క మా మేడ మీద ఉంది. విత్తనం నుంచి నేనే పెంచాను. మీరు రాసిన పద్ధతి కూడా ఒకసారి చేసి చూశాను కాబట్టే ఈ ఉత్తరం.

నా గురించి రెండు ముక్కలు. ముప్పై ఒక్క ఏళ్లు మలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. జ్వరమొచ్చినవాళ్ల వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో క్రిమి కోసం వెతకడం నా పని. పద్మారావునగర్‌లో పాత రెండంతస్తుల ఇల్లు. పైన నీళ్ల ట్యాంకు, దాని చుట్టూ మా ఆవిడ కరివేపాకు, మల్లె, తోటకూర. ఆవిడ వదిలేసిన ఈశాన్యం మూల నాది.

ముందు పేరు సంగతి తేల్చాలి. తెలుగులో మాచిపత్రి అని కనీసం మూడు మొక్కల్ని పిలుస్తున్నారు. ఒకటి వినాయక చవితి నాడు ‘సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి’ అంటూ ఇరవయ్యొక్క పత్రుల్లో అన్నిటికంటే ముందు వేసేది. చామంతి ఆకులా చీలికలుగా ఉంటుంది. పైన ముదురు ఆకుపచ్చ, తిరగేస్తే తెల్లని నూగు. శాస్త్రంలో ఆర్టెమిసియా వల్గారిస్ అంటారు, మన కొండల్లో పెరిగేదాన్ని నీలగిరికా అంటారు. రెండోది మీ ఫొటోలో ఉన్నది, ఆర్టెమిసియా అబ్సింథియం. ఇంగ్లీషువాళ్ల వార్మ్‌వుడ్ ఇదే. దీని సొంతూరు యూరప్, మన దేశంలో కశ్మీర్ కొండల్లో పెరుగుతుంది. ఆకు పైనా కిందా ఒకటే బూడిదరంగు, ముట్టుకుంటే పట్టుగుడ్డలా ఉంటుంది. తెలుగు బైబిల్లో ప్రకటన గ్రంథంలో నీళ్లను చేదు చేసే నక్షత్రానికి మాచిపత్రి అనే పేరు పెట్టారు. అక్కడ మూలంలో ఉన్నది ఈ వార్మ్‌వుడ్డే. మూడోది ఆర్టెమిసియా ఆన్యువా, ఏడాదిలో పెరిగి పూసి చచ్చిపోయేది. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ దీంట్లోంచి వచ్చింది. ఇక గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కనకాంబరాల పక్కన కట్టలుగా దొరికే దవనం కూడా వీటికి దాయాదే, కానీ దాని పేరు దానికుంది కాబట్టి గొడవ లేదు.

మీ వ్యాసంలో పేరు మొదటిదానిది, ఫొటో రెండోదానిది, గుణం మూడోదానిది. పెంచే పద్ధతి మాత్రం ఈ మూడింటిలో దేనిదీ కాదు, బహుశా మెంతికూరది.

నాకీ మొక్క మీద మోజు ఎలా పుట్టిందో చెప్పాలి. మా అల్లుడుగారికి చార్మినార్ దగ్గర పని ఉందంటే తోడు వెళ్లాను. ఆయన పని తెమిలేలోపు నేను నిజామియా దవాఖానా వెనక సందుల్లో తిరుగుతూ ఒక యునానీ మందుల దుకాణం ముందు ఆగాను. గోనె సంచుల్లో రకరకాల ఎండు ఆకులు, పువ్వులు, బెరళ్లు. బూడిదరంగులో గడ్డిలా ఉన్నదాన్ని చూపించి ఏమిటని అడిగితే, ‘అఫ్సంతీన్’ అన్నాడు ముసలాయన. జీర్ణానికి, కడుపులో పురుగులకు హకీములు లెక్కగా వాడతారట. చిన్న రెమ్మ తుంచి నాలుక మీద పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. సంపాదకుడు గారూ, మా అమ్మ చిన్నప్పుడు ముక్కు మూసి తాగించిన నేలవేము కషాయం దీని ముందు పాయసం. మదీనా సెంటర్ దాకా నడిచొచ్చి ఇరానీ చాయ్ తాగితే చాయ్ చేదు, ఉస్మానియా బిస్కట్ చేదు. ఇంత చేదు మొక్కను ఒకసారి పచ్చిగా చూడాలనిపించింది.

నర్సరీల్లో అడిగితే పూజ మాచిపత్రి చూపించారు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళాకు పోతే అక్కడా అదే. దాంతో ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ తెప్పించాను, నూట నలభై తొమ్మిది రూపాయలు. ప్యాకెట్ మీద ‘మాచిపత్రి’ అని పేరు, పక్కన నవ్వుతున్న వినాయకుడి బొమ్మ. శాస్త్రీయ నామం లేదు, విత్తనం ఏ ఏడాదిదో లేదు, నూటికి ఎన్ని మొలుస్తాయో లేదు. అప్పుడు మే నెల. కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి, విత్తనాలు చల్లి, అరంగుళం మట్టి కప్పి, చెంబుతో నీళ్లు పోశాను. అంటే అక్షరాలా మీ పద్ధతే. నెల రోజులు ఎదురుచూశాను. తోటకూర మొలకలు రెండు వచ్చాయి, అవి మా ఆవిడ కుండీ నుంచి ఎగిరొచ్చినవి.

జులైలో ఇంకో ప్యాకెట్. ఈసారి వారం లోపే గుబురుగా మొలిచాయి. చీలికల ఆకు, చూడముచ్చటగా ఉంది. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. నెలన్నరకు తెల్లటి చిన్న పూలు వచ్చాయి. అప్పుడు తెలిసింది, నేను కుండీలో పెట్టి బూస్టు కలిపిన పాలు పోసినంత ప్రేమగా పెంచింది వయ్యారిభామను! పొలాల్లో పీకలేక రైతులు ఏడుస్తుంటే నేను దానికి వర్మీకంపోస్టు వేశాను. తప్పు విత్తనాలదో, నేను తెచ్చిన ఎర్రమట్టిదో ఇప్పటికీ చెప్పలేను. మట్టిలో ఉన్న గింజలే మొలిచి ఉండొచ్చు. అందుకే అమ్మినవాళ్లను తిట్టడం మానేశాను.

మూడోసారి నవంబర్‌లో. ఈసారి ప్యాకెట్ మీద ‘అబ్సింథియం’ అని అచ్చయి ఉన్నది చూసి మరీ తీసుకున్నాను. విత్తనం చూసినప్పుడు గానీ నా మొదటి తప్పేమిటో అర్థం కాలేదు. గసగసాల కంటే సన్నం, ముక్కుపొడుం రంగు. అలవాటు కొద్దీ హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని ప్యాకెట్ చించాను. సగం విత్తనాలు సోఫా కిందికి పోయాయి. మిగిలిన సగాన్ని చెంచాడు పొడి ఇసుకలో కలిపాను. ఇది తప్పనిసరి. ఉత్త వేళ్లతో చల్లితే అన్నీ ఒకేచోట పడతాయి.

ఇంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఎంత ఉంటుంది? అరంగుళం మట్టి తోసుకుని పైకి రావడానికి దానికి ఓపిక లేదు. పైగా ఈ విత్తనానికి మొలవాలంటే వెలుగు తగలాలి. మట్టి కప్పామంటే పాతిపెట్టినట్టే. నేను చేసింది ఇది: హోటల్ పార్సిల్ వచ్చే ప్లాస్టిక్ డబ్బాకు అడుగున కాల్చిన మేకుతో పది చిల్లులు పొడిచాను. రెండు వంతుల కొబ్బరిపొట్టు, ఒక వంతు ఇసుక, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపి జల్లించాను. (జల్లెడ వంటింటిది. ఆ సంగతి ఈ ఉత్తరం అచ్చయితేనే మా ఆవిడకు తెలుస్తుంది.) పైన చదునుగా అద్ది, ఇసుక కలిపిన విత్తనం చల్లి, అట్టముక్కతో మెల్లగా ఒత్తి వదిలేశాను. కప్పలేదు. నీళ్లు పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. అందుకని తాంబాళంలో అంగుళం నీళ్లు పోసి డబ్బాను అందులో కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో పైపొర నల్లబడింది, అంటే కింద నుంచి తడి పైదాకా పీల్చుకుందన్నమాట. డబ్బాకు దాని మూతే పెట్టి, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం వచ్చే కిటికీలో పెట్టాను.

పదమూడో రోజు పొద్దున కళ్లజోడు పెట్టుకుని వంగి చూస్తే ఆకుపచ్చ చుక్కలు. మొలకలనుకోలేదు, పాచి అనుకున్నాను. పాత అలవాటుగా భూతద్దం తెచ్చి చూశాను. ఒక్కో చుక్క రెండు గుండ్రటి ఆకులు, కింద వెంట్రుకంత తెల్లటి కాడ. మొత్తం నలభై దాకా లెక్కపెట్టాను. మూత తీసేసింది ఆ రోజే. తీయకపోతే చెమ్మకు నారుకుళ్లు వచ్చి రాత్రికి రాత్రి కాడలు మెత్తబడి పడిపోతాయి. నేను తీసినా ఒక మూల పది పోయాయి. మూడో వారానికి అంచులు నొక్కులు పడిన ఆకు ఒకటి వచ్చింది, దాని మీద సన్నని నూగు. అప్పటికి నమ్మకం కుదిరింది. మీ వ్యాసం చెప్పిన ‘నెల తిరిగేసరికి’ నా మొక్క ఎత్తు ఎంతో చెప్పనా? సగం అగ్గిపుల్ల.

నవంబర్ ఎందుకంటే, ఈ మొక్కది చలిదేశం. విత్తనం మొలవడానికి పదిహేను నుంచి ఇరవై డిగ్రీల చుట్టూ ఉండాలి. మన హైదరాబాద్‌లో ఆ వాతావరణం దీపావళి టపాసుల చెత్త ఊడ్చాక మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. అది దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఇప్పుడు ఈ ఆగస్టు ముసురులో మీ వ్యాసం చదివి విత్తనాలు కొన్నవాళ్లు, దయచేసి ప్యాకెట్ చించకుండా గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

ఆరు వారాలకు బలమైన వాటిని పేపర్ కప్పుల్లోకి, జనవరి చివర ఐదింటిని పన్నెండంగుళాల కుండీల్లోకి మార్చాను. ఇక్కడ మన తెలుగువాళ్ల అతిథి మర్యాద పనికిరాదు. బలమైన ఎరువు వేస్తే మొక్క పొడుగ్గా సాగి వాసన తగ్గుతుంది. సగం ఎర్రమట్టి, సగం ఇసుకా చిన్న కంకరా చాలు. పైన రెండంగుళాలు ఎండితే తప్ప నీళ్లు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఆకుపచ్చ వల కట్టి, మధ్యాహ్నం ఎండ తగలకుండా ట్యాంకుకు తూర్పున పెట్టాను. చచ్చిపోయాయనే అనుకున్నాను, ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఎండను తట్టుకున్నాయి గానీ జులై వానను తట్టుకోలేకపోయాయి. నాలుగు రోజులు ముసురు పట్టేసరికి మూడు కుండీల్లో కింది ఆకులు నల్లబడి, మొదలు వేలితో నొక్కితే గుజ్జులా అయింది. వేరు కుళ్లు. సజ్జా కింద ఉన్న రెండే మిగిలాయి. ఇప్పుడు వాటికి రెండో ఏడు, మోకాలెత్తు దాటాయి. ఇంకా పూయలేదు.

ఇంకొకటి. ఒక కుండీని కొత్తిమీర మడి పక్కన పెట్టాను. కుండీ వైపు జానెడు మేర కొత్తిమీర సరిగా లేవలేదు. దీని ఆకుల మీద పడి కారే వాననీళ్లలో చేదు దిగి చుట్టుపక్కల మొలకల్ని ఎదగనివ్వదు. యూరప్ తోటమాలులు దీన్ని విడిగా పెంచమని చెప్పేది అందుకే. ‘మీ చేదు మొక్కకి చేదు బుద్ధి’ అని మా ఆవిడ తీర్పు. కానీ ఎండిన ఆకును పల్చటి గుడ్డలో మూటకట్టి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది కూడా ఆవిడే. చిమటలకు దీని వాసన పడదు.

ఇక కషాయం. దీని గురించి మెత్తగా రాయడం నా వల్ల కాదు.

1897 ఆగస్టు 20న మన బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. అలాంటి ఊళ్లో అచ్చయ్యే పేపర్, మలేరియాకు ఆకు నీళ్లు తాగమని రాయడం నాకు కష్టంగా ఉంది. ఆర్టెమిసినిన్‌ను వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ ఇచ్చారు. ఆమె పని చేసింది ఆన్యువా మీద. వేడికి ఆకులోని మందు గుణం పోతోందేమోనన్న అనుమానం వచ్చాకే, ఆమె తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో తీసి గెలిచింది. మీరేమో వేరే మొక్క ఆకును పావుగంట మరిగించమంటున్నారు. ఆన్యువా ఆకునైనా సరే టీగానో కషాయంగానో మలేరియాకు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు. ఎంత మందు ఒంట్లోకి పోతోందో లెక్క ఉండదు, చాలీచాలని మోతాదుకు క్రిమి మందునే తట్టుకోవడం నేర్చుకుంటుంది. కషాయాలు తాగుతూ నాలుగైదు రోజులు ఇంట్లో వణికి, ఆ తర్వాత మా దగ్గరికి మోసుకొచ్చిన మనుషుల వేళ్లు పొడిచాను నేను. జ్వరం వస్తే చేయాల్సింది రక్త పరీక్ష.

అదీగాక మీ ఫొటోలోని అబ్సింథియంలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదు. దీంతో చేసే అబ్సింత్ అనే మద్యాన్ని ఫ్రాన్స్ 1915లో నిషేధించింది. తర్వాత హద్దులు పెట్టి మళ్లీ వదిలారనుకోండి. హకీముగారు మనిషిని చూసి, లెక్క చూసి ఇచ్చే అఫ్సంతీన్ వేరు. ‘రోజూ ఒక గ్లాసు’ అని పేపర్లో చదివి ఎవరంతట వాళ్లు తాగేయడం వేరు. మా కింది వాటా ఆవిడ అప్పుడే గ్లాసు పట్టుకుని మేడెక్కి, ‘అన్నయ్యగారూ, నాలుగు రెమ్మలివ్వండి, పాపకు కూడా పోస్తాను’ అంది. ఆ పాపకు ఎనిమిదేళ్లు. రెమ్మ ఇవ్వలేదు, ఆవిడకు కోపమొచ్చింది. ఆ కోపం మీ వ్యాసం ఖాతాలో రాసుకోండి.

వినాయక చవితి దగ్గరపడింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. పోయినేడు మోండా మార్కెట్‌లో కొన్న పత్రి కట్టలో మాచిపత్రి పేరుతో ఉన్నది వయ్యారిభామే. కొందరికి దాన్ని పట్టుకుంటేనే దద్దుర్లు లేస్తాయి, ఆయాసం ఉన్నవాళ్లకు పుప్పొడితో ఇబ్బంది. కట్టేవాళ్లను అనడానికి లేదు, తెల్లవారుజామున టార్చిలైటు వెలుగులో ఖాళీ జాగాల్లో కోసుకొచ్చే ఆడవాళ్లు వాళ్లు. కొనేవాళ్లే ఆకు తిరగేసి చూడాలి. కింద తెల్లగా ఉండి, నలిపితే ఘాటైన వాసన వస్తే మాచిపత్రి. రెండువైపులా పచ్చగా ఉంటే పక్కన పడేయండి. పూజకే కావాలంటే విత్తనాలతో ఈ అవస్థంతా అక్కర్లేదు. తెలిసినవాళ్ల ఇంట్లో పూజ మాచిపత్రి ఉంటే వేరుతో ఒక పిలక అడిగి తెచ్చుకోండి. కుండీ నిండా అదే పాకుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. చవితిలోగా ఆ పేజీలోనే నాలుగు లైన్ల సవరణ వేయండి: ఫొటోలోని మొక్క పేరు అబ్సింథియం అని, కషాయం మాట వెనక్కి తీసుకుంటున్నామని. ఇకమీదట ఇంటిపంట పేజీలో ఏ మొక్క గురించి రాసినా, దాని శాస్త్రీయ నామం తెలుగు అక్షరాల్లోనే ఒక్కసారి వేయండి, హైదరాబాద్‌లో ఏ నెలలో విత్తాలో ఒక్క ముక్క చేర్చండి. బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన కేంద్రం ఉంది, రాజేంద్రనగర్‌లో ఇంకొకటి ఉంది. రాసేముందు అక్కడికి ఒక ఫోన్ చేస్తే సరిపోయేది.

కవర్‌లో రెండు ఆకులు కాగితానికి అంటించి పంపుతున్నాను. ఒకటి మా మేడ మీది అబ్సింథియం, రెండోది మా వీధి గుడి పూజారిగారి పెరట్లోని పూజ మాచిపత్రి. తిరగేసి చూసి, నలిపి వాసన చూడండి. వయ్యారిభామ ఆకు పంపలేదు, అది మీ ఆఫీసు ప్రహరీ పక్కనే దొరుకుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మలేరియా విభాగం విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పద్మారావునగర్, హైదరాబాద్.